మన పిల్లలకి చిన్న బడిలో ఏ లెక్కలు రావాలి?

పోస్టు పెద్దదే. తీరిక చూసుకొని చదవండి.

మేము సీతంపేట ఏజెన్సీలో కొండమీది గూడేలవాళ్లం. సవరలం ఎక్కువ, జాతాపువాళ్లు ఇద్దరున్నారు. మాలో కొందరు డిగ్రీ చదువుతున్నారు, కొందరు బీఈడీ, డీఈడీ ముగించి డీఎస్సీకి తయారవుతున్నారు. సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా సాయంత్రం పూట ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పిల్లల్ని కూర్చోబెట్టి లెక్కలు చెప్తున్నాం. మూడు వేసవులు అలా గడిచాయి. అక్కడ చూసినవి, రాత్రుళ్లు మాలో మేము గొడవపడి మాట్లాడుకున్నవి ఇక్కడ పెడుతున్నాం. ఈ గ్రూపులో రేపో మాపో టీచర్లు కాబోయేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే రాయాలనిపించింది.

ముందు ఒక తూకం సంగతి చెప్పాలి. జీడిపిక్కల సీజనులో మాలో ఒకరి పిన్ని బస్తా దించుకొని అమ్మడానికి వెళ్లింది. తోడుగా ఆమె కొడుకు. వాడు ఐదో తరగతి ముగించాడు, బడిలో లెక్కల్లో మంచి మార్కులే. బస్తా 46 కిలోలు తూగింది. తరుగు కింద 2 కిలోలు తీస్తామన్నారు. కిలో 120 రూపాయలు. చేతిలో 4,980 పెట్టారు. పిన్ని లెక్కపెట్టుకొని కొంగున కట్టుకొని వచ్చేసింది.

ఇంటికొచ్చాక వాడి నాయనమ్మ అడిగింది, ఎన్ని కిలోలు, ఎంత రేటు అని. ఆమె బడి మొహం చూడలేదు. అరుగు మీద కూర్చొని వేళ్లు మడుచుకుంటూ ఇలా అంది: "పది కిలోలకి పన్నెండొందలు. నాలుగు పదులకి నాలుగువేల ఎనిమిదొందలు. ఇంకా నాలుగు కిలోలున్నాయి కదా, అయిదువేలు దాటిపోవాలి. దాటలేదేటి?"

అప్పుడు మేము పిల్లాడికి నోటుబుక్కు ఇచ్చి 44, దాని కింద 120 వేసి గుణించమన్నాం. నిమిషం పట్టలేదు, 5,280 అని రాసి చూపించాడు. తప్పు లేదు. మరి కాటా దగ్గర ఎందుకు చెయ్యలేదురా అంటే వాడన్న మాట మాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "అక్కడ లెక్క ఇవ్వలేదు కదన్నా."

లెక్క అంటే బోర్డు మీద ఎవరో ఇచ్చేది అని వాడికి ఐదేళ్లు నేర్పారు. కళ్లముందు బస్తా తూగుతుంటే అది లెక్క అని వాడికి తోచలేదు. తేడా 300. ఆ 300ని 120తో భాగించి చూడమన్నాం. రెండున్నర వచ్చింది. అంటే ఎవరికీ చెప్పకుండా ఇంకో రెండున్నర కిలోలు కోసేశారన్నమాట. తర్వాతి వారం పిన్ని వెళ్లి అడిగితే "తేమకి తీశానమ్మా" అన్నాడు ఆ వ్యాపారి. డబ్బు వెనక్కి రాలేదు. కానీ ఆ తర్వాతి బస్తాకి పిన్ని కాటా మీద పెట్టకముందే తరుగు ఎంతో చెప్పించుకుంది. భాగహారం ఎందుకు నేర్చుకోవాలి అని అడిగే పిల్లలకి మేము ఈ రెండున్నర కిలోల సంగతే చెప్తున్నాం. జవాబు తప్పు అని కనిపెట్టడం ఒక ఎత్తు. తప్పు ఎక్కడ దాక్కుందో పట్టుకోవడం ఇంకో ఎత్తు. రెండోది భాగహారం చేస్తుంది.

ఇది మన కొండల్లో మాత్రమే ఉన్న సమస్య కాదు. బ్రెజిల్‌లో రెసిఫీ అనే ఊళ్లో వీధిలో కొబ్బరికాయలు అమ్మే పిల్లల మీద 1985లో వచ్చిన ఒక పరిశోధన ఉంది. బీఈడీవాళ్లు వినే ఉంటారు. బేరం మధ్యలో అడిగితే ఆ పిల్లలు నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా పెడితే 37కి పడిపోయింది. ఈమధ్య 2025లో మన కోల్‌కతా, ఢిల్లీ బజారుల్లో పనిచేసే పిల్లల మీద కూడా ఇలాంటిదే వచ్చింది. అందులో రెండో సగం ముఖ్యం: బడిలో బాగా చేసే పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. మా పిన్ని కొడుకు ఆ రెండో సగంలోవాడు. నాయనమ్మ మొదటి సగం. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే కుండలో గంజి తాగుతున్నారు. ఒకరి లెక్క ఇంకొకరికి చేరలేదు.

ఎందుకు చేరలేదు అంటే మొదటి అడ్డం భాష. మనందరికీ తెలిసిందే అయినా ఒక్క ముచ్చట చెప్తాం. "రాము వద్ద 15 మామిడిపండ్లు కలవు" అని లెక్క ఉంటుంది కదా. రెండో తరగతి పిల్ల ఒకతి "కలవు అంటే ఏటన్నా, ఎవర్ని కలవాలి?" అని అడిగింది. ఆ పిల్లకి కూడిక రాక కాదు. ఇంట్లో సవర, సంతలో శ్రీకాకుళం తెలుగు, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ ఎవరూ మాట్లాడని తెలుగు. ఆరేడేళ్ల పిల్ల ఇన్ని గెడ్డలు దాటితే గానీ 15 దగ్గరికి చేరదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అని ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకి పుస్తకాలు తెచ్చారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంటోంది. కాగితం మీద దారి ఉంది. అయితే ఇంటి భాష అనగానే అందరూ పాటలు, కథలు, పొడుపుకథలు అంటారు. లెక్కల్ని ఎవరూ అందులో కలపరు. లెక్కలకి భాష ఉండదు అనుకుంటారు.

ఉంటుంది. సవరలో అంకెలు విన్నారా? అబొయ్, బాగు, యాగి, ఉంజి, మొన్లొయ్, తుడ్రు, గుల్జి, తంజి, తింజి, గెల్జి, గెల్ముయ్, మిగ్గెల్. గూడేన్ని బట్టి పలుకుబడి కాస్త మారుతుంది. మిగ్గెల్ అంటే పన్నెండు. ఇక్కడిదాకా విడి మాటలే. పదమూడు అనాలంటే పదికి మూడు కలపరు, పన్నెండుకి ఒకటి కలుపుతారు. అలా పన్నెండుకి ఏడు కలిపి పంతొమ్మిది దాకా వెళ్లి, ఇరవై దగ్గర బొకుడి అంటారు. కుడి అంటే ఇక్కడ ఇరవై. 33 అంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. 99 అంటే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఏడు. పన్నెండు మీద, ఇరవై మీద కలిపి నడిచే ఇలాంటి లెక్క లోకంలో చాలా అరుదు. భాషాశాస్త్రం చదివేవాళ్లకి సవర పేరు దీనివల్ల కూడా తెలుసు. మనలో ఇరవై దాటినవాళ్లలో ఎంతమందికి వచ్చు? మాలో ముగ్గురికి వచ్చు. మిగతావాళ్లం తాతల దగ్గర కూర్చొని నేర్చుకున్నాం.

దీన్ని మేము ముచ్చట కోసం వాడలేదు. కొండచీపురు పుల్లలు 33 ఇచ్చి, తాత లెక్క ప్రకారం కట్టలు కట్టమన్నాం. ఇరవై పుల్లల కట్ట ఒకటి, పన్నెండు పుల్లల కట్ట ఒకటి, విడి పుల్ల ఒకటి. మళ్లీ విప్పించి బడి లెక్క ప్రకారం పదేసి కట్టమన్నాం. మూడు కట్టలు, మూడు విడి పుల్లలు. పుల్లలు అవే, కట్టలు మారాయి. ఆ తర్వాత 33 అని రాసి, ఎడమవైపు 3 అంటే ఎంత అని అడిగితే మూడో తరగతి పిల్లలు "మూడు కట్టలు, ముప్పై" అన్నారు. అంతకుముందు అదే పిల్లలు "మూడే కదా" అనేవాళ్లు. స్థానవిలువ అని పుస్తకంలో పెద్ద మాట ఉంటుంది. రెండు రకాల కట్టలు చూసిన పిల్లకి ఆ మాట అక్కర్లేకుండానే విషయం తెలిసిపోతుంది. మైదానం పిల్లలకి ఒక్క పది కట్టే తెలుసు. ఈ ఒక్క విషయంలో మన పిల్లలు ఒక మెట్టు పైనున్నారు. ఆ మెట్టుని బడి గుర్తుపట్టదు, అంతే.

తీసివేత కూడా ఇక్కడే బాగుపడుతుంది. 52లోంచి 27 తియ్యమంటే సగంమంది పిల్లలు 35 రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలని కదా చెప్పారు! బడిలో దీనికి మందు "పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో, పది అవుతుంది". ఒకటి అప్పు తెస్తే పది ఇచ్చే ఆ షావుకారు ఏ ఊళ్లో ఉన్నాడో మాకూ చెప్పండి, పోయి చూసొస్తాం. కట్ట విప్పు అంటే చాలు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ఉన్నాయి. ఏడు పుల్లలు కావాలంటే ఒక కట్ట విప్పాలి. చేత్తో విప్పిన పిల్ల 35 రాయదు.

భిన్నాల దగ్గరికి వద్దాం. మన పిల్లలు గణితం మీద ఆశ వదులుకునేది ఎక్కువగా ఇక్కడే. నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా అంటే ఎనిమిదో వంతు అంటారు, ఎనిమిది పెద్దది కాబట్టి. పుస్తకాల్లో కేకు బొమ్మ, పిజ్జా బొమ్మ ఉంటాయి. మా గూడెంలో పిజ్జా కోసినవాళ్లు లేరు. కానీ ప్రతి ఇంట్లో పాత సోలో, తవ్వో, మానికో చూరుకిందో గాదెలోనో ఉంటుంది. ఆ కొలతలు ఎలా కట్టారో ఎప్పుడైనా ఆలోచించారా? కుంచంలో సగం అడ్డ. అడ్డలో సగం మానిక. మానికలో సగం తవ్వ. తవ్వలో సగం సోల. సోలలో సగం అరసోల. అరసోలలో సగం గిద్దె. మొత్తం సగాలే. ఆరుసార్లు సగం చేస్తే కుంచం గిద్దె అయిపోతుంది. కుంచానికి 64 గిద్దెలు.

చోళ్లు పోసి కొలిచి చూపించాం. తవ్వ అంటే కుంచంలో ఎనిమిదో వంతు, మానిక అంటే నాలుగో వంతు. ఏది పెద్దదే అని అడిగితే రెండో తరగతి పిల్ల నవ్వింది, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. రెండు తవ్వలు, ఒక మానిక కలిపితే ఎంత? అడ్డ. ఇదే పుస్తకంలో రెండు ఎనిమిదో వంతులు, ఒక నాలుగో వంతు కలిపితే సగం అని ఉంటుంది, హారాలు సమానం చెయ్యాలి అని ఉంటుంది. చేత్తో కొలిచాక ఆ పద్ధతి చెప్తే ఎక్కుతుంది. ముందే చెప్తే ఎక్కదు. ఒక పిల్లాడు 2, 4, 8, 16, 32, 64 అని వరసగా రాసుకొని, "అన్నా, ఫోన్ల మెమరీ కూడా ఇలాగే ఉంటుంది కదా, 32 జీబీ, 64 జీబీ" అన్నాడు. మాలో బీటెక్ చదివే తమ్ముడు ఆ రాత్రి నిద్రపోలేదు, కంప్యూటర్ అంతా సగాల మీదే నడుస్తుందని పిల్లలకి ఎలా చెప్పాలా అని.

ఒక చిక్కు కూడా ఉంది. ఒక గూడెం మానిక ఇంకో గూడెం మానికతో సరిపోదు. పిల్లలే కనిపెట్టారు, ఇంటింటి నుంచి తెచ్చిన సోలలు పక్కపక్కన పెట్టి నీళ్లు పోసి చూసి. అందరికీ ఒకే కొలత ఎందుకు కావాలి, లీటరు, కిలో ఎందుకు వచ్చాయి అన్నది అక్కడ చెప్పాలి. కాటా పైన ముద్ర ఎందుకు ఉంటుంది, సరుకు పెట్టకముందు కాటా సున్నా చూపించాలని ఎందుకు అడగాలి అన్నది కూడా ఆ రోజు పాఠమే.

ఇక దశాంశాలు. ఇవి మనకి భూమి లెక్కలు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టాలు మన ఇళ్లలో ఇనప్పెట్టెల్లో ఉన్నాయి. హెక్టార్లలో రాసి ఉంటుంది, చట్టం ప్రకారం ఒక్కో పట్టాకి 4 హెక్టార్లు దాటకూడదు. హెక్టారంటే 2.47 ఎకరాలు. 0.80 హెక్టార్లు అంటే ఇంచుమించు రెండెకరాలు. 0.08 అంటే ఇరవై సెంట్లు. మధ్యలో ఒక్క సున్నా. ఆ సున్నా ఎక్కడుందో చదవగలిగిన పిల్ల ఇంట్లో ఉండాలా వద్దా? 0.8 పెద్దదా, 0.75 పెద్దదా అని ఐదో తరగతి పిల్లల్ని అడగండి. 75 పెద్దది కాబట్టి 0.75 అంటారు. ఎకరా ఐదు సెంట్లని 1.05 అని రాస్తారు, ఎకరా యాభై సెంట్లని 1.5 అన్నా 1.50 అన్నా ఒకటే. పెద్దవాళ్లు కూడా 1.5 చూసి ఎకరా ఐదు సెంట్లు అని చదవడం మేము విన్నాం. ఎకరాకి వంద సెంట్లు కాబట్టి దశాంశం నేర్పడానికి సెంటుని మించిన బొమ్మ లేదు. వాకిట్లో పది గళ్లు నిలువు, పది గళ్లు అడ్డం ముగ్గుపిండితో గీసి, ఇదే ఎకరా, ఒక్కో గడి సెంటు అని చెప్తే 0.8కి ఎన్ని గళ్లు, 0.75కి ఎన్ని గళ్లు అని వాళ్లే లెక్కపెట్టుకుంటారు.

వడ్డీ లెక్క పెద్ద తరగతుల్లో వస్తుంది. మాకైతే నాలుగు, ఐదు తరగతుల్లోనే రుచి చూపించాలనిపిస్తుంది. ఊళ్లో "ఐదు రూపాయల వడ్డీ" అంటారు. అంటే వందకి నెలకి ఐదు. బ్యాంకులో "ఏడు శాతం" అంటారు, అది ఏడాదికి. మా గూడెంలో ఒక మావ ఏడు కన్నా ఐదు తక్కువ కదా అని బయటే అప్పు తెచ్చాడు. పదివేలకి ఏడు శాతం అంటే ఏడాదికి 700. ఐదు రూపాయల వడ్డీ అంటే నెలకి 500, ఏడాదికి 6,000. శాతం అనే మాటకి వెనక "ఎంత కాలానికి?" అనే ప్రశ్న ఉండాలని పదేళ్ల పిల్లకి నేర్పితే, ఆ పిల్ల ఇంట్లో ఆ ప్రశ్న అడుగుతుంది. వడ్డీ సూత్రం తర్వాత నేర్చుకోవచ్చు.

ఇక్కడిదాకా వచ్చేసరికి మా సీనియర్ ఒకాయన గట్టిగా అడ్డుపడ్డాడు. "మన పిల్లలకి సంత లెక్క, చీపురు లెక్క నేర్పి సంతలోనే ఉంచేస్తారా? పట్నం పిల్లలు ఒలింపియాడ్లు రాస్తుంటే మనవాళ్లు చోళ్లు కొలుచుకుంటూ కూర్చోవాలా?" ఆయన కోపంలో న్యాయం ఉంది. గిరిజన పిల్లలకి ఇంతే చాలు అని ఎవరో తగ్గించి రాసిన పాఠం మనకి వద్దు. ఐదో తరగతికి గురుకులం పరీక్ష, ఆరో తరగతికి ఏకలవ్య పరీక్ష ఉన్నాయి. అక్కడ అంకెలు, గుణకారాలు, భిన్నాలు పుస్తకం భాషలోనే వస్తాయి, అవి రావాలి. అందుకే మేము చీపురు పుల్లల దగ్గర ఆగట్లేదు. కట్ట కట్టాక బొమ్మ గీయిస్తాం, బొమ్మ గీశాక అంకె రాయిస్తాం, అంకె రాశాక తెలుగు మాట, ఇంగ్లీషు మాట రెండూ చెప్పిస్తాం. సంత నుంచి కాగితానికి, కాగితం నుంచి సంతకి రెండు వైపులా రోజూ తిరగాలి. ఒక్క వైపే తిరిగితే నాయనమ్మో, మనవడో అవుతారు. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ ఈ వేసవిలో వచ్చి గుణకారాలు చెప్పి వెళ్లాడు.

ఎక్కాల గురించి కూడా కొట్టుకున్నాం. పది వరకు నోటికి రావాలి, అందులో రాజీ లేదు. నోటికి రాని పిల్ల పెద్ద లెక్క మధ్యలో చిక్కుకుపోతుంది. ఇరవై వరకు కోరస్‌లో అరిపించడం మాత్రం మాకు నచ్చలేదు. పదిహేడో ఎక్కం పదిసార్లు అరిచే సమయంలో 17 ఎనిమిదిని 10 ఎనిమిదులు, 7 ఎనిమిదులుగా విడగొట్టి 136 అని మనసులో చెప్పడం నేర్పొచ్చు. పన్నెండో ఎక్కం ఒక్కటి మాత్రం ఉంచాం. మిగ్గెల్ మనది కదా.

మేము ప్రతి లెక్కకీ రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతున్నాం. చెయ్యకముందు "ఎంత రావొచ్చు?" చేశాక "ఎలగొచ్చింది?" మొదట్లో పిల్లలు రెండో ప్రశ్న వినగానే చెరిపేసేవాళ్లు. ఎలా వచ్చింది అని టీచరు అడిగితే తప్పు చేశామని అర్థం, వాళ్ల అనుభవం అలాంటిది. రైటు చేసిన లెక్కకి కూడా అడుగుతాం అని తెలిశాక చెరపడం మానేశారు. ఇప్పుడు మమ్మల్నే అడుగుతున్నారు. మొన్న దుకాణంలో బిస్కెట్లు, నూనె, ఉప్పు కొని చిల్లర తీసుకుంటూ ఒక నాలుగో తరగతి పిల్ల దుకాణం చిన్నాన్నని "ఎలగొచ్చింది చిన్నాన్నా?" అని అడిగింది. ఆయన సరిగ్గానే ఇచ్చాడు పాపం. కాగితం తీసి చూపించాడు కూడా.

మీ దగ్గర నుంచి మాకు రెండు కావాలి. మీ భాషలో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు, ఆ తర్వాత ముప్పై, నలభై, వంద ఎలా అంటారో రాయండి. ఎన్నో అంకె నుంచి తెలుగో, ఒడియానో, మరాఠీనో కలుస్తుందో కూడా రాయండి, అది సిగ్గుపడే విషయం కాదు. రెండోది, మీ ఊళ్లో ధాన్యం, నూనె, తేనె, భూమి కొలిచే పాత కొలతల పేర్లు, ఏది దేనిలో సగమో. పెద్దవాళ్లని అడిగి, వీలైతే కొలిచి చూసి పెట్టండి. వచ్చే వేసవికి వాటితో ఒక చిన్న పుస్తకం చేతిరాతతో తయారుచేసి, జిరాక్సులు తీసి, అడిగిన గూడేలకి పంపుతాం. సవర అంకెలు, కుంచం లెక్కలు మేము రాసేశాం. కోయ, గోండి, కువి, కొలామి పేజీలు ఖాళీగా ఉన్నాయి.